జాతీయ ఆదాయం, మానవాభివృద్ధి: అల్ఫారెట్టా ఉదాహరణతో

తలసరి ఆదాయానికీ ప్రజల ఆయుష్షుకూ చదువుకూ ఉన్న సంబంధం అర్థశాస్త్రంలో పాత చర్చే. 1975లో జనాభా శాస్త్రవేత్త శామ్యూల్ ప్రెస్టన్ గీసిన వక్రరేఖ దానికో రూపమిచ్చింది. పేద దేశాల్లో ఆదాయం కాస్త పెరిగినా ఆయుర్దాయం చురుగ్గా పెరుగుతుంది. సంపన్న దేశాల దగ్గరికొచ్చేసరికి రేఖ దాదాపు చదునవుతుంది. 1930ల నుంచి 1960ల వరకు ఆయుర్దాయం పెరగడంలో పెద్దవాటా ఆదాయానిది కాదని, రేఖే పైకి జరిగిందని కూడా ఆయన చూపాడు. ఆ రెండో సంగతిని చాలా పుస్తకాలు వదిలేస్తాయి.

1990లో ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్, అమర్త్య సేన్ సహకారంతో, రూపొందించిన మానవాభివృద్ధి సూచిక ఆదాయాన్ని సంవర్గమానంలో లెక్కిస్తుంది. 2010 తర్వాతి పద్ధతిలో తలసరి ఆదాయం వెయ్యి డాలర్ల నుంచి రెండువేలకు చేరితే ఆదాయ సూచిక సుమారు 0.105 పెరుగుతుంది. యాభైవేల డాలర్ల దేశానికి అదే వెయ్యి కలిస్తే పెరిగేది 0.003. డెబ్భై అయిదువేలు దాటిన సొమ్ము లెక్కలోకే రాదు. 2025 మానవాభివృద్ధి నివేదికలో అమెరికాది 17వ స్థానం, భారత్‌ది 130. అమెరికాలో మూడోవంతు ఆదాయమున్న కోస్టారికాలో మాత్రం ఆయుర్దాయం అమెరికా కంటే ఎక్కువ.

భారత్‌లో చదువులో, ఆయుర్దాయంలో ముందున్న కేరళ ఘనత గల్ఫ్ సొమ్ముదేనని ఒక వాదన. తిరువనంతపురంలోని అభివృద్ధి అధ్యయన కేంద్రం 1975లోనే, అంటే గల్ఫ్ వలస ఊపందుకోకముందే, అక్కడి అక్షరాస్యతను, తక్కువ మరణాలను నమోదు చేసింది కాబట్టి బడులకు, ఆసుపత్రులకు పెద్దపీట వేసే వివరణే బలంగా కనిపిస్తుంది. దీనికి భిన్నంగా, 2011 జనగణనలో తెలంగాణ కలిసివున్న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత సుమారు 67 శాతం, జాతీయ సగటు 73. తలసరి ఆదాయంలో తెలంగాణ నేడు పెద్ద రాష్ట్రాల్లో ముందువరుసలో ఉన్నా నాటి వెనుకబాటు ఒక్కసారిగా చెరిగిపోయేది కాదు.

అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని అల్ఫారెట్టాలో, పక్కనున్న జాన్స్ క్రీక్, కమింగ్‌లలో తెలుగువారు గణనీయంగా స్థిరపడ్డారు. వారిలో చాలామంది డిగ్రీ దాకా చదివింది భారత్‌లోని కళాశాలల్లోనే. సంపాదన మాత్రం అమెరికా లెక్కలో పడుతుంది. అక్కడే కాపురమున్న కొడుకు గుంటూరులోని అమ్మకు మందుల ఖర్చు పంపితే, అది భారత స్థూల జాతీయ ఆదాయంలోకి రాదు. జాతీయ గణాంకాల్లో అది ఆదాయం కాదు, బదిలీ. అమ్మ ఆయుష్షు మాత్రం భారత ఖాతాలోదే. ఈ తేడాను పోలిక పట్టికలు పట్టించుకోవు.

సగటు దాచేది మరొకటుంది. అల్ఫారెట్టా ఒకప్పుడు మిల్టన్ కౌంటీ కేంద్రం. మాంద్యంలో ఖజానా కుంగి ఆ కౌంటీ ఫుల్టన్‌లో కలిసింది.  విలీనం అమలైంది 1932 జనవరి 1న. నేడు ఫుల్టన్ ఉత్తరకొస సంపన్నం. అదే కౌంటీలో పశ్చిమ అట్లాంటాలోని కొన్ని పేటల్లో ఆయుర్దాయం సంపన్న పేటలకంటే పదేళ్లకు పైగా తక్కువ.