స్టీరింగు మా జాతిలక్షణం కాదు

"తురకోళ్లకు బండిపని పుట్టుకతోనే వస్తది." ఈ మాట మర్పల్లి బస్టాండులో వింటాం, తాండూరు లారీ అడ్డా మీదా వింటాం. మెచ్చుకుని అనేవాళ్లున్నారు, ఎగతాళికి అనేవాళ్లున్నారు. ఇద్దరి మాటకూ అర్థం ఒకటే: చదువూ, కుర్చీ మీవి కావు, మీ చోటు ఇంజను పక్కన. దీనికి జవాబు మా రక్తంలో వెతికితే దొరకదు. చరిత్రలో, జీతాల లెక్కల్లో వెతకాలి.

మా ప్రాంతానికి పెద్ద బండి అంటే మొదట రైలే. 1874లో సికింద్రాబాదు నుంచి వాడి దాకా పట్టాలు పడ్డాయి. వికారాబాదు, తాండూరు ఆ దారిలోవే. తర్వాత వికారాబాదు నుంచి బీదరు వైపు వేసిన లైను మీద మర్పల్లికి స్టేషను వచ్చింది. 1930లో నిజాం ప్రభుత్వం కంపెనీ చేతిలోని రైల్వేను కొనేసింది. 1932లో ఆ రైల్వేయే 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. నేటి ఆర్టీసీ రైల్వే కడుపున పుట్టిన బిడ్డ. అట్లా ఇక్కడ బస్సు డ్రైవరు సర్కారీ నౌకరయ్యాడు. నౌకరీ అంటే నెల తిరగ్గానే తన్‌ఖా, హాజరు పట్టీలో పేరు, అడిగి తీసుకునే సెలవు.

దఫ్తరు భాష ఉర్దూ. ఉర్దూ చదివినవాడికి ఆ తలుపు దగ్గర, తెలుగు రైతుకూలీకి దూరం. ఈ నిజం చెప్పుకోవాల్సిందే. అయితే ఉర్దూ మాట్లాడినంత మాత్రాన టాంగా తోలేవాడు నవాబు కాలేదు. అతని కడుపు ఆ రోజు కిరాయి మీదే ఆధారపడింది.

1948 సెప్టెంబరులో పోలీసు యాక్షన్ జరిగింది. చనిపోయినవారు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. బతికినవారిలో ఎంతోమందికి సైన్యంలో, పోలీసులో, దఫ్తర్లలో కొలువులు పోయాయి. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. జాగీర్దారు ఎట్లాగో బతికాడు, అతని దగ్గర పనిచేసినవాడు వీధిన పడ్డాడు. భూమి లేదు, దఫ్తరు భాష మారిపోయింది. అప్పుడు చేతికందింది రిక్షా హాండిలు, మెకానికు షెడ్డు, లారీ క్లీనరు పని. పుట్టుకతో వచ్చిందంటున్న విద్య ఇట్లా వచ్చింది.

ఇప్పుడు నాలుగు బండ్లనూ పక్కపక్కన నిలబెట్టి చూద్దాం. రైలు నడిపేవాడికి వేతన సంఘం కట్టిన జీతం, కరువు భత్యం, నడిపిన దూరానికి అలవెన్సు, పాసు ఉన్నాయి. 2004కు ముందు చేరినవాడికి పాత పింఛనూ ఉంది. ఆర్టీసీ డ్రైవరుకు నెల జీతం, ప్రావిడెంటు ఫండు, జబ్బు చేస్తే తార్నాక ఆసుపత్రి ఉన్నాయి. లారీ డ్రైవరుకు ట్రిప్పు లెక్క, పైన బత్తా. తాండూరులో నాపరాళ్లు లోడయ్యేదాకా కాచుకున్న గంటలకు లెక్క లేదు. క్లీనరు పిల్లవాడికి 'పని నేర్చుకుంటున్నాడు' అనే పేరే సగం జీతం. ఇక ఆటోవాడు తనకు తానే ఓనరు, తనకు తానే కూలీ. డీజిలుకు, ఫైనాన్సు కిస్తీకి పోగా మిగిలిందే కూలి. జ్వరమొస్తే కూలి ఆగిపోతుంది, కిస్తీ ఆగదు. ప్రభుత్వ లెక్కల్లో దీని పేరు స్వయం ఉపాధి!

1961లో మోటారు రవాణా కార్మికుల చట్టం వచ్చింది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు, వారంలో ఒక రోజు సెలవు అంది. కానీ ఐదుగురు కార్మికులున్న సంస్థ నుంచే అది వర్తించేది. ఒక లారీ ఓనరుకూ, సొంత ఆటోకూ అది అంటలేదు. మావాళ్లు ఎక్కువగా ఉన్నది చట్టం అందని ఆ బండ్ల మీదే.

చట్టం అందే చోట మేమెంతమందిమి? రైల్వేలో ముస్లింలు 4.5 శాతమని, వారిలోనూ 98.7 శాతం కింది స్థాయిలోనే ఉన్నారని 2006లో సచార్ కమిటీ చెప్పింది. పుట్టుకతో బండిపని వచ్చిన జాతికి పట్టాల మీద చోటెందుకు దొరకలేదు? ఈ ప్రశ్నకు ఆ సామెత చెప్పేవాళ్లు జవాబివ్వాలి.

హాజరు పట్టీ ఉన్నవాడికీ హక్కులు ఊరికే రాలేదు. 1974 మేలో రైల్వే కార్మికులు 20 రోజులు సమ్మె చేశారు. 2019లో తెలంగాణ ఆర్టీసీ కార్మికులు 52 రోజులు చేశారు. ఓడినా గెలిచినా వాళ్లకు ఎదురుగా నిలబెట్టి అడగడానికి ఒక యజమాని ఉన్నాడు. ఆటోవాడు ఎవరి మీద సమ్మె చేయాలి? 2023 డిసెంబరులో ఆడవాళ్లకు ఉచిత బస్సు వచ్చింది. మా అమ్మలు, చెల్లెళ్లు ఆ బస్సెక్కుతున్నారు, అది మంచిదే. కానీ దానివల్ల ఆటోవాడి గల్లా తగ్గితే ఆ నష్టం రాసుకునే రిజిస్టరు ఏ దఫ్తరులోనూ లేదు.

ఇది మా ఒక్కరి గోస కాదు. తండా నుంచి వచ్చిన లంబాడా తమ్ముడు, మాదిగవాడ అన్న అదే అడ్డా మీద సీరియల్లో నిలబడుతున్నారు. జాతిలక్షణమనే మాట మమ్మల్ని వాళ్లనుంచి విడదీస్తుంది. జీతం లెక్క కలుపుతుంది.

బండి నడపడం మాకు సిగ్గు కాదు. మా పిల్లల చేతికి స్టీరింగు ఇస్తామంటే ఇవ్వండి. దానితోపాటు హాజరు పట్టీ కూడా ఇవ్వండి.