జపాను వాళ్ళు గీసిన రాముడు, మన హొసూరు పిల్లోళ్ళు

పోయిన నెల సంఘం కూటంలో ఒక మాట వచ్చింది. సెలవుల్లో పిల్లోళ్ళను కూర్చోబెట్టి ఒక బొమ్మల సినిమా చూపిద్దామని. ఏ సినిమా అంటే నలుగురు ఒకే పేరు చెప్పినారు, 'రామాయణ: ద లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ'. జపాను వాళ్ళు తీసింది. నేనొక్కడినే "ఉండండప్పా, రవంత ఆలోచించి చేద్దాం" అన్నాను. అప్పటినుండి కొందరు నన్ను రామద్వేషిని చూసినట్టు చూస్తా ఉండారు. అందుకే ఈ పొడుగు రాత. ఓపిక ఉన్నవాళ్ళు కడదాకా చదవండి, తిట్టేవాళ్ళు చదివి తిట్టండి.

ముందు ఆ సినిమా పుట్టిన కత. 1983లో యూగో సాకో అనే జపాను ఆయన మన దేశానికి వచ్చినాడు. అలహాబాదు దగ్గర బి.బి. లాల్ అనే పురావస్తు పండితుడు చేయిస్తున్న తవ్వకాల మీద డాక్యుమెంటరీ తీసే పని. ఆ పనిలో రామాయణం చెవిన పడింది. ఊరికి పోయి జపాను భాషలో దొరికిన రామాయణాలు పది దాకా చదివినాడట. రామకత జపానుకు పూర్తిగా కొత్త కూడా కాదు. పన్నెండో శతాబ్దపు బౌద్ధ కథల పుస్తకం 'హోబుత్సుషూ'లో రాముడి కతను పోలిన కత ఒకటి ఉండాది.

ఇంతలో ఇక్కడ ఒక పత్రికలో వార్త తప్పుగా వచ్చింది. పరదేశి వాడు మన రామాయణాన్ని ఇష్టమొచ్చినట్టు సినిమా తీయడానికి లేదని విశ్వ హిందూ పరిషత్తు నుండి జపాను రాయబార కార్యాలయానికి నిరసన ఉత్తరం పోయింది. సాకో సమాధానం చెప్పుకొని ఆ అపోహ పోగొట్టుకున్నాడు. రాముడు దేవుడు, ఒక నటుడికి వేషం కట్టే బదులు బొమ్మగా గీయడమే మేలని ఆయన వాదం. రెండు దేశాలు కలిసి తీద్దామని అడిగితే మన ప్రభుత్వం, ఇది సున్నితమైన విషయమని ఒప్పుకోలేదు. చివరికి పనంతా జపానులోనే చేసినారు. మన పక్కనుంచి రామ్ మోహన్ చేరినాడు. 1956లో ఫిలిమ్స్ డివిజన్ కార్టూన్ విభాగంలో అడుగుపెట్టి, డిస్నీలో పనిచేసి వచ్చిన క్లెయిర్ వీక్స్ దగ్గర పని నేర్చుకున్న మనిషి ఆయన. సాకో, కొయిచి ససాకి, రామ్ మోహన్, ముగ్గురూ దర్శకులు. సుమారు 450 మంది కళాకారులు, లక్ష దాకా చేత్తో గీసిన బొమ్మలు అని లెక్క చెబుతారు.

సినిమా పుట్టిన గడియ మాత్రం మంచిది కాదు. 1992 డిసెంబరులో అయోధ్య గొడవ, 1993 జనవరిలో ఢిల్లీ చిత్రోత్సవంలో ఈ సినిమా. అట్లాంటప్పుడు హాళ్ళలోకి ఎట్లా వస్తుంది? హిందీ మాటలు కూర్చి తర్వాతెప్పుడో బయటికి వదిలినారు. టీవీ రామాయణంలో రాముడైన అరుణ్ గోవిల్ ఇందులో రాముడికి గొంతు ఇచ్చినాడు, అమ్రీష్ పురి రావణుడికి. జనానికి చేరింది పిల్లల కార్టూన్ చానెల్ పుణ్యాన. మనకు తెలుగులో దొరికింది 2025 జనవరి 24న, కొత్త మెరుగులు దిద్ది మళ్ళీ విడుదల చేసినప్పుడు. ఆ విడుదలకు మన విజయేంద్రప్రసాద్ గారు కూడా చేయి వేసినారు.

ఇక మంచి చెడ్డలు. మంచి గురించి నాకు పేచీ లేదు. అడవి చూడండి. ఆ చెట్ల నీడలు, నీళ్ళమీద వెలుతురు, ఇప్పటి కంప్యూటర్ బొమ్మలు ఎన్ని వచ్చినా ఆ చేతిపని ముందు నిలవవు. పంచె కట్టు, కూర్చునే తీరు, దండం పెట్టే తీరు, ఇవన్నీ మనవాళ్ళు పక్కనుండి జపాను కళాకారులకు నేర్పినారు. ఆ శ్రద్ధ తెరమీద కనిపిస్తుంది. కుంభకర్ణుణ్ణి నిద్ర లేపే చోట నా మనవరాలు నా చేయి గట్టిగా పట్టుకునింది. ఆ కొండంత ఒళ్ళు కదులుతా ఉంటే, ఎంత బరువో చూసేవాళ్ళకు తెలుస్తుంది. బొమ్మకు బరువు తేవడం చిన్న పని కాదు. వనరాజ్ భాటియా సంగీతం, సంస్కృతం పాటలు కూడా వినసొంపుగా ఉన్నాయి. అన్నిటికంటే నాకు నచ్చింది, ఇందులో రాముడు కండలు తిరిగిన వస్తాదు కాడు. ఈ మధ్య బండ్ల వెనక అతికించే బొమ్మలు చూసి విసిగిపోయిన కంటికి ఆ మెత్తని మొగం చల్లగా ఉంటుంది.

"పరదేశి వాడికి మన రామాయణం ఏం తెలుస్తుంది" అనేవాళ్ళకు ఒక్క మాట. మన పల్లెల్లో రంగనాథ రామాయణం ద్విపదలు పాడుతా తోలుబొమ్మలాట ఆడించినవాళ్ళలో శానామంది ఇంట్లో మాట్లాడేది మరాఠీ. వాళ్ళ గొంతులోనే కదా మన తాతలు తెలుగు రామాయణం వినింది.

లోపాల సంగతికి వస్తా. రెండుంబావు గంటల్లో ఆరు కాండలు దొర్లించాలంటే పరుగే. యుద్ధానికి ఇచ్చిన సమయం మనుషులకు ఇవ్వలేదు. సీత అందంగా ఉండాది, కానీ అశోకవనంలో ఎదురు చూడటమే ఆమె పని. మన అవ్వలు దంచుతా, విసురుతా పాడుకున్న రామాయణం వేరే. అందులో ఊర్మిళ నిద్ర ఒక పెద్ద కత. ఆ ఆడవాళ్ళ రామాయణానికి ఈ సినిమాలో చోటు లేదు.

అసలు నా మనసులో ముల్లు ఉత్తరకాండ. సినిమాలో అది లేదు. లేకపోవడం తప్పని నేను అనడం లేదు. మన తొరపల్లిలో పుట్టిన రాజాజీ గారే ఆ పని చేసినారు. ఊరి పేరులోనే మన 'పల్లి' ఉండాది చూడండి! 1878లో అక్కడ పుట్టిన ఆ పెద్దాయన అరవంలో 'చక్రవర్తి తిరుమగన్' రాసి, 1958లో సాహిత్య అకాడమీ బహుమతి పొందినారు. ఆయన కూడా సీతను అడవికి పంపిన కతను చెప్పకుండా వదిలేసి, అది ఆడవాళ్ళ దుఃఖంలోనుంచి పుట్టిన కత అయ్యుంటుందని చివర రాసుకున్నారు.

ఆయన వదిలిన చోటే మన తెలుగువాళ్ళ కన్నీళ్ళు మొదలైనాయి. 1963లో 'లవకుశ' వచ్చింది. సి. పుల్లయ్య గారు మొదలుపెట్టి, కొడుకు సి.ఎస్. రావు గారు పూర్తి చేసినారు. తెలుగులో మొదటి పూర్తి రంగుల సినిమా. మా అవ్వ బండి కట్టుకొని పోయి చూసినానని చచ్చేదాకా చెప్పింది. ఎన్టీఆర్‌ను, అంజలీదేవిని తలుచుకొని అప్పుడూ ఏడ్చేది. పిల్లోళ్ళే పాడి, పిల్లోళ్ళే నిలదీసి, పిల్లోళ్ళే తండ్రితో యుద్ధం చేసే రామాయణం అది. ఇంటిల్లిపాదీ చూసే సినిమా అంటే మనకు ఇదీ. పిల్లోళ్ళ కోసం తీసిన జపాను రామాయణంలో ఆ ఇద్దరు పిల్లోళ్ళు లేకపోవడం నాకు వెలితిగానే ఉండాది.

ఇంకొకటి చెప్పుకోవాల. 2025లో విడుదలైనప్పుడు మా ఇంట్లోవాళ్ళమంతా పోయినాము. మాకు కుదిరిన ఆటలో అరవం మాటలే ఉన్నాయి. కడుపులో కలుక్కుమనింది కానీ కూర్చున్నాము. ఏడో క్లాసు చదివే నా మనవరాలికి ఏమీ అడ్డం రాలేదు. అరవం ఆమెకు బడి భాష, ఇంటి తెలుగు నోటి భాష. బయటికి వచ్చినాక "తాతా, బలే ఉండాది" అని తెలుగులోనే చెప్పింది. తర్వాత తెలుగు పోస్టరు ఒకటి ఫోన్లో చూపిస్తే, బొమ్మను పట్టి పేరు చెప్పింది, అక్షరం పట్టి కాదు. 2006 చట్టం తర్వాత మన పిల్లోళ్ళకు తెలుగు చదువు ఎట్లా జారిపోతా ఉందో మళ్ళీ రాసేది లేదు. అరవం మీద నాకు కోపమూ లేదు, రాజాజీ గారిని ఇప్పుడే పొగిడినాను కదా.

అందుకని నా మాట ఇది. జపాను సినిమా తప్పకుండా వేద్దాం, తెలుగు మాటలున్నదే తెచ్చి వేద్దాం. మరీ చిన్నవాళ్ళను కుంభకర్ణుడి ఘట్టంలో అమ్మల ఒడిలో కూర్చోబెట్టుకోండి. మరుసటి ఆదివారం 'లవకుశ'. నిడివి ఎక్కువ, మధ్యలో బొరుగులు, బెల్లం కాపీ పెడదాం. ఆ రెండు ఆదివారాల నడుమ ఒక సాయంత్రం, ఊర్మిళ పాట ఇంకా గుర్తున్న అవ్వలు ఎవరైనా ఉంటే పాడించాల. బాగలూరు దిక్కున ఒకావిడ ఉందని వినినాను, తెలిసినవాళ్ళు నాకు చెప్పండి, నేనే పోయి పిలుచుకొస్తా. గోడపత్రిక మాత్రం తెలుగు లిపిలో పెద్ద అక్షరాలతో పిల్లోళ్ళ చేతే రాయిద్దాం. తప్పులుంటే ఉండనీండి.