మగతనం వేరు, సంతానం వేరు

మన బస్టాండు గోడల మీద ప్రకటనలు చూసే ఉంటారు. మగతనం తగ్గిందా, సంతానం లేదా, అయితే ఫలానా లాడ్జిలో ఫలానా గదికి రండి అని. లైంగిక సామర్థ్యం పెంచుతామని ప్రకటించుకోవడం 1954 నాటి అద్భుత చికిత్సల ప్రకటనల చట్టం ప్రకారం నేరం. చట్టమూ ఉంది, గోడ మీద రాతలూ ఉన్నాయి.

ఆ వైద్యుడు మోసగాడని మీకు నేను వేరే చెప్పక్కర్లేదు. నేను చెప్పదలచుకున్నది ఇంకొకటి. రెండు వేరు వేరు సమస్యల్ని అతను ఒకే మందుతో తీరే ఒకే జబ్బు చేసేశాడు. ఈ పొరపాటు లాడ్జి గదిలో పుట్టలేదు. పెద్ద పెద్ద ప్రొఫెసర్లే దీన్ని చేశారు.

1889 జూన్ 1న పారిస్‌లో బ్రౌన్-సెకార్ అనే శాస్త్రవేత్త తోటి శాస్త్రవేత్తల ముందు ఒక ప్రసంగం చేశాడు. అప్పటికి ఆయన వయసు 72. కుక్కల, గినీ పందుల వృషణాల నుంచి తీసిన రసం ఇంజెక్షన్‌గా తీసుకున్నానని, ఒంట్లో బలం తిరిగొచ్చిందని చెప్పాడు. ఆయన మోసగాడు కాదు. నాడీమండలం మీద గొప్ప పరిశోధన చేసినవాడు. కానీ వృషణాలు టెస్టోస్టిరాన్‌ని తయారు చేస్తాయే గాని నిలవ ఉంచుకోవు. పైగా అది నీటిలో సరిగా కరగదు. 2002లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఆయన పద్ధతిలోనే రసం తీసి పరీక్షిస్తే, పని చెయ్యడానికి కావలసిన హార్మోనులో లవలేశం కూడా అందులో లేదని తేలింది. అంటే ఆయనకి బలం ఇచ్చింది నమ్మకమే.

తరవాత వియన్నాలో స్టైనాక్ వచ్చాడు. వీర్యనాళాన్ని ముడివేస్తే వృషణంలో హార్మోను తయారు చేసే భాగం పెరిగి యౌవనం తిరిగొస్తుందన్నాడు. 1923లో ఫ్రాయిడ్ ఈ ఆపరేషన్ చేయించుకున్నాడు. ఠాగూర్ గీతాంజలి ఇంగ్లీషు ప్రతికి ముందుమాట రాసిన యేట్స్ కూడా 1934లో చేయించుకున్నాడు.

గమ్మత్తు ఏమిటంటే, అది దాదాపు మన కుటుంబ నియంత్రణ ఆపరేషనే! ఆ కోత పెడితే పౌరుషం వస్తుందని వియన్నాలో డబ్బిచ్చి మరీ చేయించుకున్నారు. అదే కోత పెడితే పౌరుషం పోతుందని మన పల్లెల్లో మగవాళ్ళు భయపడి, భార్యల్ని ఆపరేషన్‌కి పంపారు. ఇద్దరిదీ తప్పే. వీర్యనాళాన్ని ముడివేస్తే వీర్యకణాలు బయటికి రావు, అంతే. హార్మోను మామూలుగానే రక్తంలో కలుస్తూ ఉంటుంది.

ఎందుకంటే వృషణంలో రెండు శాఖలున్నాయి. లేడిగ్ కణాలు టెస్టోస్టిరాన్ తయారు చేస్తాయి. సన్నని నాళికల్లో వీర్యకణాలు తయారవుతాయి. రెండింటికీ పై అధికారి మెదడు అడుగున ఉన్న పీయూష గ్రంథి. అది పంపే ఎల్‌హెచ్ అనే ఉత్తర్వుతో మొదటి శాఖ, ఎఫ్‌ఎస్‌హెచ్‌తో రెండో శాఖ పనిచేస్తాయి. వీర్యకణాలు ఎదగడానికి వృషణం లోపల, రక్తంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ టెస్టోస్టిరాన్ ఉండాలి.

1935లో ఆమ్‌స్టర్‌డామ్‌లో లాకూర్ బృందం సుమారు 100 కిలోల ఎద్దు వృషణాల నుంచి 10 మిల్లీగ్రాముల టెస్టోస్టిరాన్‌ని వేరు చేసింది. అదే ఏడాది బుటెనాంట్, రుజిచ్కా దాన్ని కృత్రిమంగా తయారు చేశారు. 1939లో వాళ్ళిద్దరూ నోబెల్ బహుమతికి ఎంపికయ్యారు. సరిగ్గా ఆ 1939లోనే హెకెల్ అనే అమెరికన్ వైద్యుడు, టెస్టోస్టిరాన్ ఇచ్చిన మనిషిలో వీర్యకణాలు తగ్గిపోయాయని రాశాడు.

ఇందులో వింత లేదు. సూది ద్వారా హార్మోను వచ్చి పడుతుంటే, సరుకు సరిపడా ఉందనుకుని పీయూష గ్రంథి ఉత్తర్వులు ఆపేస్తుంది. రక్తంలో హార్మోను దండిగా ఉంటుంది. వృషణం లోపల మాత్రం కరువు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని మగవాళ్ళ గర్భనిరోధక సాధనంగానే పరీక్షించింది. 1990లో వెలువడిన ఫలితాల ప్రకారం 271 మందికి వారానికి 200 మిల్లీగ్రాములు ఇస్తే, 157 మందిలో వీర్యకణాలు పూర్తిగా మాయమయ్యాయి. వాళ్ళు ఏడాది పాటు ఇంకే సాధనం లేకుండా దాంపత్యం సాగించినా వచ్చిన గర్భం ఒక్కటే.

మరి మందులు లేవా? ఉన్నాయి. లక్షణాలుండి, ఉదయం పూట రెండుసార్లు చేసిన రక్తపరీక్షలో టెస్టోస్టిరాన్ తక్కువని తేలి, పిల్లలు ఇక అక్కర్లేని మనిషికి టెస్టోస్టిరాన్ సరైన చికిత్సే. పిల్లలు కావాలనుకునేవాడికి అది ఇవ్వకూడదు. పీయూష గ్రంథి లోపం ఉన్నవాళ్ళకి గర్భిణుల మూత్రంలో దొరికే హెచ్‌సీజీ ఇస్తారు. అది ఎల్‌హెచ్‌కి బదులుగా పనిచేస్తుంది. అవసరమైతే ఎఫ్‌ఎస్‌హెచ్ కలుపుతారు. నెలల తరబడి వాడాలి గాని ఫలితం నిజంగా ఉంటుంది. క్లోమిఫీన్‌కి 1967లో అమెరికాలో అనుమతి దొరికింది ఆడవాళ్ళలో అండం విడుదల కావడానికి. మగవాళ్ళలో కూడా అది పై అధికారిని కదిలించి టెస్టోస్టిరాన్‌ని పెంచుతుంది. కానీ కారణం తెలియని సంతానలేమిలో దానివల్ల పిల్లలు పుట్టే అవకాశం ఎంత పెరుగుతుందన్నదానికి రుజువులు బలంగా లేవు. గోడ మీది ప్రకటన ఇలాంటి మాట ఎప్పుడూ చెప్పదు.

నాకు తెలిసిన ఒక ఇంట్లో అబ్బాయి జిమ్‌లో ఎవరో ఇచ్చిన ఇంజెక్షన్లు తీసుకుంటూ కండలు పెంచాడు. పెళ్ళయి మూడేళ్ళయినా పిల్లల్లేరు. అతని కండలు చూసి ఎవరూ అనుమానించలేదు. ప్రదక్షిణాలు, ఉపవాసాలు, స్కానింగులు, సూటిపోటి మాటలు అన్నీ ఆ అమ్మాయికే. చివరికి ఒక డాక్టరమ్మ, ముందు మగవాడి వీర్యపరీక్ష తెమ్మంది. వీర్యకణాలు సున్నా. సూదులు మానేశాక చాలామందికి నెలల్లో తిరిగొస్తాయి, కొందరికి ఏడాది దాటుతుంది. ఆ మూడేళ్ళు మాత్రం ఆ అమ్మాయికి తిరిగి రావు.

బ్రౌన్-సెకార్‌కి ఒక సాకుంది. ఆయన కాలానికి టెస్టోస్టిరాన్ అనే పేరే పుట్టలేదు. మనకి ఆ సాకు లేదు. అందుచేత పిల్లల్లేరని మీ ఇంట్లో ఏ కోడలినైనా గుడికి పంపేముందు, కొడుకుని పరీక్షకి పంపండి. ఆ పరీక్షకి అయ్యే ఖర్చు స్వల్పం.