కలలో మొదలైన పాట, రాగిరేకుల మీద మిగిలిన పాట

ఇండిపెండెంట్ మ్యూజిక్ అనగానే మనకి గిటార్, ల్యాప్‌టాప్, సొంత ఛానెల్ గుర్తొస్తాయి. ఇవాళ మాట్లాడుకునే పాటల రచయిత మాత్రం 1408లో, రాజంపేట దగ్గర తాళ్లపాకలో పుట్టాడు. అవును, అన్నమయ్యే. "సినిమా చూసేశాం బ్రో, కొత్తగా ఏముంది?" అంటారా? ఒక్క ప్రశ్న: మీ ఫోన్‌లో ఉన్న అన్నమయ్య పాటకి ట్యూన్ ఎవరిది? దాని దగ్గరికే వెళ్దాం, కానీ కథ కలతో మొదలవుతుంది.

ఆయన మనవడు చిన్నన్న, తాతగారి జీవితాన్ని ద్విపదలో రాశాడు. అందులో కుర్రాడు అన్నమయ్య తిరుమల కొండ ఎక్కుతూ, ఆకలికి సొమ్మసిల్లి, కాళ్లకి చెప్పులతోనే ఒక బండ మీద పడుకుంటాడు. నిద్రలో అలమేలుమంగ కనిపించి, చెప్పులు విడిచి ఎక్కమని చెప్పి ప్రసాదం పెడుతుంది. లేచాక ఆమె మీద శతకం చెప్తాడు. తర్వాత 16 ఏళ్ల వయసులో స్వామి ప్రత్యక్షమైనప్పటి నుంచి పాడాడని రాగిరేకుల మీదే చెక్కి ఉంది.

నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం. కానీ ఒకటి గమనించండి. ఆ కాలంలో చాలామంది కవులకి కావ్యం రాయమని అడిగేది రాజు. ఇక్కడ అడిగింది దేవుడు. అంటే ఈ పాటకి మనుషుల్లో యజమాని ఎవరూ లేరని ఆ కుటుంబం చెప్పుకుంటోంది. అందుకే సాళువ నరసింహరాయల కథ అంత ముఖ్యం. తన మీద కూడా ఒక పదం పాడమని ఆయన అడిగితే, అన్నమయ్య కుదరదన్నాడు, సంకెళ్లు వేయించుకున్నాడు అని చిన్నన్న రాశాడు. ఆ నరసింహుడే 1485 ప్రాంతంలో విజయనగర సింహాసనం ఎక్కాడు. అలాంటివాడికి "నో" చెప్పడం మాటలా!

కల ఒక్కటే సరిపోదు కదా. అహోబిలంలో వేదాంతం చదువుకున్నాడు, ఆళ్వార్ల పాశురాల సంప్రదాయంలో పెరిగాడు. ఇంకోపక్క ఊళ్లో ఆడవాళ్లు పాడుకునే జోలపాట, సువ్విపాట, కోలాటం పాట, అన్నిటి నడకనీ తీసుకున్నాడు. పండితుల కవిత్వం, పొలం గట్టు పాట ఒకే చోట కలిశాయి.

మొత్తం 32 వేల సంకీర్తనలు అని చిన్నన్న లెక్క. 16వ ఏట నుంచి 1503లో పోయేదాకా దాదాపు 79 ఏళ్లు. క్యాలిక్యులేటర్ తీయండి: రోజుకి ఒకటికి కాస్త ఎక్కువే. మనకి దొరికినవి సుమారు 12 నుంచి 14 వేలు.

అవైనా ఎలా దొరికాయి? కొడుకు పెద తిరుమలాచార్యులు వాటిని రాగిరేకుల మీద చెక్కించాడు. తాటాకుకి చెద పడుతుంది, రాగికి పట్టదు. మన భాషలో చెప్పాలంటే పక్కా బ్యాకప్. రెండు వేలకి పైగా రేకులు తిరుమల గుళ్లో, ఒక చిన్న రాతి గదిలో ఉండిపోయాయి. 1816లో తెలుగు వ్యాకరణం అచ్చువేసిన క్యాంప్‌బెల్ అనే ఇంగ్లీషు అధికారి, ఆ రేకుల్లో వ్యాకరణం ఉందని విని నకళ్లు తెప్పించుకున్నాడు. తీరా చూస్తే అన్నీ దేవుడి పాటలే. ఆయనకి అవి అక్కర్లేదు, వదిలేశాడు! మళ్లీ 1922లో బయటికొచ్చాక సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి లాంటివాళ్లు ఏళ్లకొద్దీ కూర్చుని పరిష్కరించారు.

ఇప్పుడు అసలు నష్టం. రేకు మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది. స్వరాలు లేవు. ఆయన ఎలా పాడాడో మనకి ఎప్పటికీ తెలియదు. ఫైల్ పేరు మిగిలింది, ఆడియో పోయింది.

మరి మనం వినేది? రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ లాంటివాళ్లు కొత్తగా కట్టిన బాణీలు. "నానాటి బతుకు" విని కళ్లు చెమర్చాయా? మాట అన్నమయ్యది. ఆ రేవతి రాగం బాణీ నేదునూరి గారిది. ఇద్దరి మధ్య దాదాపు అయిదు వందల ఏళ్లు.

కాబట్టి ఈసారి అన్నమయ్య పాట షేర్ చేసేటప్పుడు ఆయన పేరు పక్కనే బాణీ కట్టినవాళ్ల పేరు కూడా రాయండి. సాహిత్యం మిగలడానికి ఒక కొడుకు రాగిరేకులు చెక్కించాడు. బాణీ కట్టినవాళ్ల పేరు మిగలడానికి మనం ఒక్క లైన్ టైప్ చేస్తే చాలు.