దాదీమా వేళ్ల మీద నెలల హిసాబ్

మా దాదీమాకు అక్షరం ముక్క రాదు. కానీ ఖాందాన్‌లో ఏ ఆడపిల్ల ఎప్పుడు నీళ్లోసుకుందో, ఎప్పటికి కంటుందో ఆమె వేళ్ల మీద ఉండేది. ఆమె నెలలు జనవరి, ఫిబ్రవరి కావు. మొహర్రం, తేరా తేజీ, బారా వఫాత్, గ్యార్వీ, మదార్, ఖాజా కా చాంద్, రజబ్, షబేబరాత్... కితాబుల్లో సఫర్ అని, రబీవుల్ అవ్వల్ అని ఉండే నెలలకు మన ఇళ్లల్లో ఆడవాళ్లు పెట్టుకున్న పేర్లివి.

మా చిన్న ఫుప్పీ నికా బక్రీద్ నెల సగంలో అయింది. రజబ్ ఇరవయ్యో తారీఖున కాన్పయిపోయింది. పురిటి వార్త విని ఏలూరు నుంచి ఆమె సాస్ వచ్చింది గానీ గుమ్మం దాటి లోపలికి రాలేదు. బిడ్డ ముఖం చూడకుండానే, "పెళ్లయి ఎన్నాళ్లయిందని?" అంది. దాదీమా బయటికొచ్చి, "గిన్నా ఆతా క్యా తుమారేకు, సమ్‌ధన్?" అని ఒక్కో నెల పేరు చెబుతూ ఒక్కో వేలు ముడిచింది. మొహర్రం నుంచి రజబ్ దాకా ఏడు వేళ్లు. "ఏడు నిండాయి. ఆరు నెలలకు పుట్టినా బిడ్డ హలాలే. ఖురాన్‌లో ఉంది, పోయి పేష్ ఇమామ్ సాబ్‌ను అడుగు" అంది.

ఖురాన్‌లో ఎక్కడుందో ఆమెకు తెలీదు. ఏదో వాజ్‌లో విని ఉంటుంది. చాలా ఏళ్ల తర్వాత నేను వెతికాను.

'ఆరు నెలలు' అనే మాట నేరుగా ఏ ఆయత్‌లోనూ లేదు. అది తీసివేత లెక్క. సూరె అహ్‌ఖాఫ్ 15వ ఆయత్‌లో బిడ్డను మోయడానికీ పాలు మాన్పించడానికీ కలిపి 30 నెలలని ఉంది. సూరె లుఖ్మాన్ 14వ ఆయత్‌లో పాలు మాన్పించడానికి రెండేళ్లని ఉంది. ముప్ఫైలోంచి ఇరవై నాలుగు పోతే ఆరు. ఈ తీసివేత చేసినవారు హజ్రత్ అలీ (రజి). సందర్భం ఒక ఔరత్ ప్రాణం.

ఇమామ్ మాలిక్ 'మువత్తా'లో రివాయత్ ఇలా ఉంది. హజ్రత్ ఉస్మాన్ (రజి) ఖిలాఫత్ కాలంలో నికా అయిన ఆరు నెలలకే కన్న ఒక స్త్రీని తీసుకొచ్చారు. జినా కిందకు వస్తుందని శిక్షకు హుకుం అయింది. హజ్రత్ అలీ ఖురాన్ ఆయత్‌లు చూపి, ఆమె మీద హద్ లేదన్నారు. ఖలీఫా వెంటనే మనిషిని పంపారు. అతను వెళ్లేసరికే ఆమె లేదు. వేరే రివాయత్‌లలో ఇదే కిస్సా హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో జరిగిందనీ, ఆమె బతికి బయటపడిందనీ ఉంది. ఇంకో దాంట్లో లెక్క చెప్పింది ఇబ్నె అబ్బాస్ (రజి). ఏది సహీ అన్న బహస్ ఆలిములది. నాకు మాత్రం మువత్తాలోని ఆ ఆలస్యమే మనసులోంచి పోదు. ఫిఖ్ కితాబుల్లో 'అఖల్లె ముద్దతె హమల్', అంటే గర్భానికి తక్కువలో తక్కువ గడువు, ఆరు నెలలని ఒక్క పంక్తిలో ఉంటుంది. ఆ పంక్తి వెనక ఒక తల్లి ఉంది.

ఎక్కువలో ఎక్కువ ఎంత? ఇక్కడే మన ఫుఖహా ఒకరితో ఒకరు ఏకీభవించలేదు. హనఫీలు రెండేళ్లన్నారు. షాఫయీలు నాలుగేళ్లన్నారు. మాలికీల్లో నాలుగూ ఉంది, ఐదూ ఉంది. ఇమామ్ మాలికే అమ్మ కడుపులో మూడేళ్లున్నారని రాసినవారున్నారు! చదివి నవ్వొచ్చింది మొదట. తర్వాత ఆలోచిస్తే, షౌహర్ చనిపోయి ఏడాది దాటాక కన్న బేవా గతి ఏమిటి? ఈ పెద్ద గడువు ఉంటే బిడ్డకు నసబ్ దక్కుతుంది, విరాసత్ దక్కుతుంది, తల్లి మీద తుహ్‌మత్ పడదు. మగ్రిబ్ దేశాల్లో ఆడవాళ్లు 'కడుపులో బిడ్డ నిద్రపోయాడు' అని చెప్పుకునేవారు. 'రాఖిద్', నిద్రపోయేవాడు అని పేరు. కాజీలు ఆ మాట విని బిడ్డను తండ్రి పేరుకే రాసేవారు. హకీకత్ ఏదైనా, దాని నీడన ఎందరో పిల్లలు బతికారు.

ఒప్పుకోనివారూ ఉన్నారు. ఇబ్నె హజమ్ తొమ్మిది నెలలకు మించదన్నాడు. ఖుర్తుబా కాజీ, హకీం కూడా అయిన ఇబ్నె రుష్ద్ (మరణం 1198) ఈ మసలాను ఆదత్‌కూ తజుర్బాకూ వదలాలి, ఎప్పుడో అరుదుగా జరిగేదాన్ని పట్టుకుని హుకుం ఇవ్వకూడదన్నాడు. ఆ మాట కానూన్ కావడానికి ఏడు వందల ఏళ్లు పైనే పట్టింది. 1929లో ఈజిప్టు 25వ నంబరు చట్టంతో గడువును ఏడాదికి దించింది.

మన దేశంలో ఇంగ్లీషువాళ్లు 1872లో ఎవిడెన్స్ యాక్ట్ తెచ్చి, 112వ సెక్షన్‌లో 280 రోజులని రాశారు. వివాహం తెగిన 280 రోజుల లోపల, తల్లి మళ్లీ పెళ్లి చేసుకోకుండా కంటే, బిడ్డ ఆ భర్త సంతానమే. వివాహం నిలిచి ఉండగా పుడితే నెలల లెక్కే అడగదు. ఫుప్పీ సాస్ కచేరీకి వెళ్లినా గెలిచేది కాదన్నమాట.

ఆ 280 ఎక్కడిది? నెల ఆగిన ముందటి సారి మొదటి రోజు నుంచి డాక్టర్లు లెక్కపెట్టేది అదే. మూడు నెలలు వెనక్కి, ఏడు రోజులు ముందుకు అనే సూత్రం నేగెలె అనే జర్మన్ డాక్టరు (1778-1851) పేరు మీద నడుస్తోంది. కానీ గర్భం నిలిచేది ఆ తారీఖుకు సుమారు రెండు వారాల తర్వాత. అక్కడి నుంచి చూస్తే సగటున 266 రోజులు. చాంద్ నెల ఇరవై తొమ్మిదిన్నర రోజులు. తొమ్మిది చాంద్‌లు కలపండి, దాదాపు 266 వస్తుంది. దాదీమాల 'నౌ మహీనే' ఇంగ్లీషు క్యాలెండర్ మీద కొంచెం తప్పుతుంది గానీ చాంద్ మీద తప్పదు.

నెలలు లెక్కపెట్టడం గర్భం నిలవకముందే మొదలయ్యేది. గర్భం నిలవకుండా సహాబాల్లో అజ్ల్ చేసినవారున్నారని హజ్రత్ జాబిర్ (రజి) రివాయత్ బుఖారీలో, ముస్లింలో ఉంది. ఇమామ్ గజాలీ (మరణం 1111) 'ఇహ్యా'లో దీన్ని చర్చిస్తూ, కాన్పులో బీవీ ప్రాణానికి ముప్పు అన్న భయాన్నీ ఒక సబబుగా ఒప్పుకున్నాడు. తర్వాత నుత్ఫా, అలఖా, ముద్గా. నలభై, నలభై, నలభై, కలిపి 120 రోజులకు రూహ్ అని హదీసు చదువుకున్నదే.

ఏడో నెల సంగతికి ఏలూరు మనిషే సాక్ష్యం. ఆ ప్రాంతంలో పుట్టిన జాఫర్ షరీఫ్, జననం నుంచి మరణం దాకా మన ముసల్మానుల రస్మ్‌లన్నీ రాస్తే, మద్రాసు కొలువులోని సర్జన్ హెర్క్‌లాట్స్ ఇంగ్లీషు చేశాడు. 'ఖానూనె ఇస్లాం' 1832లో లండన్‌లో అచ్చయింది. సాత్‌వాసా, ఛట్టీ, చిల్లా అన్నీ అందులో ఉన్నాయి. రెండు వందల ఏళ్ల కింద కూడా మన పిల్లలకు ఏడో నెలలోనే ఒడి నింపారు.

ఇక దాదీమా తప్పిన చోటు చెప్పాలి. "సాత్‌వాసా జీతా, ఆఠ్‌వాసా నై జీతా" అనేది ఆమె. ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదట. మా వీధిలో హిందూ పెద్దమ్మలూ అదే అనేవారు. ఈ మాట యూనాన్‌ది. బుఖ్రాత్, అంటే హిప్పోక్రటీస్, పేరు మీదున్న కితాబుల్లోంచి అరబ్బీ హకీముల దగ్గరికొచ్చింది. నెలకో సితారా అన్న నుజూమీల లెక్కలో మొదటి నెల జుహల్‌ది, అంటే శనిది. ఏడోది చంద్రుడిది, ఎనిమిదోది మళ్లీ జుహల్‌ది. చల్లటి, పొడి సితారా, కాబట్టి బిడ్డ నిలవదు. ఇది శుద్ధ తప్పు. కడుపులో ఉన్న ప్రతి వారమూ బిడ్డకు బలమే, ఎనిమిదో నెల బిడ్డ ఏడో నెల బిడ్డకన్నా గట్టిది. ఆ మాట నమ్మి, ఎనిమిదిలో నొప్పులొచ్చిన కోడలిని ఆస్పత్రికి తీసుకెళ్లడానికి తెల్లారేదాకా ఆగిన ఇల్లు నాకు తెలుసు.

మా ఫుప్పీ బిడ్డను దూదిలో చుట్టి, దాయీ, దాదీమా వంతులేసుకుని ఛాతీ మీద పెట్టుకుని చిల్లా గడిపారు. సాస్ మూడో రోజు పేష్ ఇమామ్‌తో మాట్లాడి వచ్చింది. ఈసారి లోపలికొచ్చి కూర్చుంది, ఏమీ అనలేదు. ఆ జుమ్మాకు సాత్‌వాసా చేయాలని ఎర్ర ఓఢ్నీ, చేతినిండా గాజులు తెచ్చి పెట్టి ఉన్నారు. గాజులు దాయీకిచ్చారు. ఓఢ్నీ చించి బిడ్డకు టోపీలు కుట్టారు.