రెండు గొంతుకల జానపదము

గోదావరిఖని యను పేరులో నదియు గనియు జోడుగా నున్నవి. 1871లో విలియం కింగు అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ యేర్పడెను. 1960 ప్రాంతమున గనులు రామగుండమునకు వ్యాపించినవి. పొలము విడిచి బొగ్గుబాయికి వచ్చిన కూలివాడు తట్టాబుట్టతో పాటు తన యూరి పాటను గూడ తెచ్చికొనెను. నాట్లపాట, బతుకమ్మపాట, ఒగ్గుకథ ఒకే కార్మికవాడలో పొరుగుపొరుగున వినబడసాగెను.

అయినను చదువుకొన్న మన గృహములలో నీ పాటకు చిరకాలము గౌరవము లేకుండెను. సంగీతమనగా కృతియే యనియు, కూలిపాట సంగీతమే కాదనియు మనము తలచితిమి. ఈ తలపును కదల్చినవారిలో కాకినాడకు చెందిన వింజమూరి అనసూయ, సీత అను సోదరీమణులు ముఖ్యులు. వారు శాస్త్రీయ సంగీతము నభ్యసించినవారు. కవి దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి మేనకోడండ్రు. కుటుంబస్త్రీలు సభలో పాడుటయే తప్పుగా నెంచబడిన దినములలో వారు జంటగా వేదిక నెక్కి పల్లెపదములు పాడిరి. పాట యదే, పాడినవారిని చూచి మనము చెవి యొగ్గితిమి. కాని యా రెండు గొంతుకలును ఒక యింటివే. పాట పుట్టిన వాడవారు వేదిక క్రిందనే యుండిపోయిరి.

ఆ కొరతను కొంత తీర్చినది 1980లో విడుదలయైన ‘మా భూమి’ చిత్రము. దానికి మూలము కృష్ణచందరు ఉర్దూ నవల, దర్శకులు వంగదేశీయులగు గౌతమ్ ఘోష్, నిర్మాతలలో బి. నర్సింగరావుగా రొకరు. సంగీతమును కూర్చినవారిలో పై సీతగారు గలరు. పాడినవారిలో తూప్రానున దళిత కుటుంబమున జన్మించి, బుర్రకథతో గొంతు విప్పిన గద్దరుగారు గలరు. తెలంగాణ సాయుధపోరాటకాలమున బండి యాదగిరి కట్టిన పాటను గద్దరుగారు తెరపై గొంగడితో నిలిచి పాడిరి. ఆ గొంతులోని గరుకు నునుపుగాక యట్లే నిలిచినది. ఇది యుగళగీతము కాదు. అయినను రెండు సంగీతసంస్కారములు ఒకదాని నొకటి దిద్దక కలిసి పనిచేసిన జోడు.

ఈ కథ బొగ్గుగనుల సీమకు నేడు మిక్కిలి యవసరము. భూమిని పైనుండి త్రవ్వు ఓపెన్‌కాస్టు గనులు విస్తరించుచున్నవి. అట్టి గని వచ్చినచోట ఊరు లేచిపోవును. ఇంటికిని చేనికిని పరిహారపు లెక్క కలదు; ఊరి పాటకు లేదు. నాటువేయు మడి లేనప్పుడు నాట్లపాటను పాడువా రెవరు? ఆ పాట యెరిగిన ముదుసలితోనే యది పోవును.

కావున మా మనవి యిది: సంగీతము నేర్చిన గోదావరిఖని యువతి పొరుగింటి ఒగ్గు కళాకారునితోడను, నాట్లపాట యెరిగిన యవ్వతోడను కూర్చుండి పాడవలెను. ఆ పాటల నొక సంపుటముగా భద్రపరచవలెను. నేడందులకు చేతిలోని ఫోను చాలును. పాటలోని యాసను దిద్దరాదు. ఇరువురి పేర్లును ఒకే వరుసలో నుండవలెను. రాబడి యున్నచో సమముగా పంచుకొనవలెను. అవ్వ పేరు వ్రాయక పాటను మాత్రమే తీసికొనుట, చేనిని తీసికొని పరిహార మీయకుండుట వంటిదే.