1969 రాష్ట్రపతి ఎన్నిక: అభ్యర్థుల యోగ్యత, గెలుపు బలం

1969 మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ మరణించడంతో ఆగస్టు 16న జరిగిన ఎన్నికలో 15 మంది నిలిచారు. అసలు పోటీ ముగ్గురిదే. వి.వి.గిరి, నీలం సంజీవరెడ్డి తెలుగువారు, సి.డి.దేశ్‌ముఖ్ మరాఠీ. వ్యక్తిత్వంలో ఒకరికొకరు తీసిపోని ఈ ముగ్గురి జయాపజయాలను తేల్చింది మాత్రం పార్టీల లెక్కలే.

పదవిని పట్టుకు వేలాడని గుణం ముగ్గురిదీ. బ్యాంకు ఉద్యోగుల జీతాలపై ట్రిబ్యునల్ తీర్పును ప్రభుత్వం మార్చిందని గిరి 1954లో కేంద్ర కార్మిక మంత్రి పదవి వదిలేశారు. కర్నూలు బస్సుల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు వ్యాఖ్యల తర్వాత సంజీవరెడ్డి 1964లో ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేశారు. రిజర్వు బ్యాంకుకు తొలి భారతీయ గవర్నరైన దేశ్‌ముఖ్, బొంబాయిని మహారాష్ట్రకు ఇవ్వకపోవడాన్ని నిరసిస్తూ 1956లో ఆర్థిక మంత్రిగా తప్పుకున్నారు.

గెలుపు సంగతి వేరు. బెంగుళూరులో కాంగ్రెస్ పార్లమెంటరీ బోర్డు సంజీవరెడ్డిని ఎంపిక చేసింది. మహారాష్ట్ర నేత యశ్వంతరావ్ చవాన్ కూడా ఆయనవైపే మొగ్గారు. తాత్కాలిక రాష్ట్రపతిగా ఉన్న గిరి, జూలై 19న బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్సుపై సంతకం చేసి, మర్నాడే రాజీనామా ఇచ్చి స్వతంత్రుడిగా దిగారు. దేశ్‌ముఖ్‌కు జనసంఘ్, స్వతంత్ర పార్టీలు అండ. సంజీవరెడ్డి నామినేషన్‌ను ప్రతిపాదించిన ఇందిరాగాంధీయే చివరకు అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటెయ్యమన్నారు. సొంత పార్టీ ఓటు చీలాక ఆయనకు దేశ్‌ముఖ్ వర్గం రెండో ప్రాధాన్య ఓట్లే దిక్కయ్యాయి.

ఆగస్టు 20 లెక్కింపులో తొలి ప్రాధాన్య ఓట్ల విలువ గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769. గెలవడానికి 4,18,169 కావాలి. మిగతావారిని తప్పిస్తూ బదిలీ చేసిన ఓట్లలో సంజీవరెడ్డికి దాదాపు 92 వేలు కలిశాయి. గిరికి వచ్చింది 18 వేల పైచిలుకే. అయినా అది చాలింది: 4,20,077కు 4,05,427.

ఈ పోరులో మచ్చ ఒక్కటే. సంజీవరెడ్డి వ్యక్తిగత జీవితంపై బురదజల్లే ఊరూపేరూ లేని కరపత్రం పార్లమెంటు సెంట్రల్ హాలులో సభ్యుల చేతికి చేరింది. ఓడినవారి పక్షం సుప్రీంకోర్టుకెక్కింది. గిరి పదవిలో ఉండగానే స్వయంగా కోర్టుకు వచ్చి సాక్ష్యమిచ్చారు. కరపత్రంలో ఆయన ప్రమేయం రుజువు కాక 1970లో పిటిషన్లు వీగిపోయాయి. ఆలోపే, 1969 నవంబరులో, కాంగ్రెస్ రెండుగా చీలింది.

సంజీవరెడ్డి 1977లో నంద్యాల నుంచి గెలిచారు. ఆంధ్రప్రదేశ్‌లో జనతా పార్టీకి దక్కిన ఏకైక లోక్‌సభ స్థానం అదే. ఆ జూలైలో ఆయన ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారు.